అడ్రసు చాలని యంత్రాలు

(డాక్టర్ ఎ.ఎస్. రావు స్మృతిలో నల్లగొండలో చేసిన ఉపన్యాస పాఠం)



పాత కంప్యూటర్ల మాటెత్తితే ఎవరైనా ముందుగా అడిగేది స్పీడు. సెకనుకు ఎన్ని లెక్కలు చేసేది సార్ అంటారు. మూడు లక్షల పైచిలుకు కూడికలు అని చెబితే ముందు కళ్లు పెద్దవి చేస్తారు, ఆ తర్వాత జేబులో ఉన్న ఫోను గుర్తొచ్చి నవ్వుతారు. నవ్వనివ్వండి. 1965 నుంచి ఓ పదిహేనేళ్లు ప్రయోగశాలల్లో, ఫ్యాక్టరీల్లో రాజ్యమేలిన మినీ కంప్యూటర్ల తలరాత స్పీడులో లేదు, అడ్రసులో ఉంది. ఈ సాయంత్రం నేను చెప్పదలుచుకున్నది ఇంతే. స్పీడు తక్కువైన చోట ఇంజనీర్లు తర్వాత ఏదో ఒక ఉపాయంతో పెంచుకున్నారు. అడ్రసు తక్కువైన చోట యంత్రాన్నే మార్చుకోవాల్సి వచ్చింది. ఈ సంగతి చివరికి మన నల్లగొండ గడప దాకా వచ్చింది. ఎట్లా వచ్చిందో వస్తున్నాను.

అయ్యగారి సాంబశివరావు గారు 1914లో పశ్చిమ గోదావరి జిల్లా మోగల్లులో పుట్టారు. కాశీ హిందూ విశ్వవిద్యాలయంలో చదివి, అమెరికాలో స్టాన్‌ఫర్డ్‌లో ఇంజనీరింగు చేసి, హోమీ భాభా బృందంలో చేరారు. 1956 ఆగస్టులో ట్రాంబేలో అప్సర రియాక్టరు పని మొదలుపెట్టినప్పుడు దాని కంట్రోలు వ్యవస్థ వెనక ఉన్నది ఆయన బృందమే. రియాక్టరుకు కావలసిన ఎలక్ట్రానిక్సును ఎన్నాళ్లని ఓడల్లో తెప్పించుకుంటాం అన్న పట్టుదల అక్కడే మొదలైంది. అది పెరిగి పెరిగి 1967 ఏప్రిల్ 11న హైదరాబాదులో ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియాగా నిలబడింది. మనందరి నోట్లో ఈసీఐఎల్. భువనగిరి నుంచి సికింద్రాబాదు రైలెక్కితే ఘట్‌కేసర్ దాటాక వచ్చే చర్లపల్లి, దాని పక్కనున్న కుషాయిగూడ, ఆ దిక్కంతా ఆ సంస్థ పేరుతోనే పెరిగింది. ఒక కాలనీకి ఏకంగా ఆయన పేరే ఉంది. అక్కడ స్థలం కొన్నవాళ్లలో ఎంతమందికి ఆ పేరు ఎవరిదో తెలుసునో మరి.

పాలమూరు పల్లెలకు ఆయన సంస్థ వేరే తోవలో పరిచయమైంది. 1975 ఆగస్టు 1 నుంచి 1976 జులై 31 దాకా, అమెరికా వాళ్ల ఏటీఎస్-6 ఉపగ్రహం సాయంతో, దేశంలో ఆరు రాష్ట్రాల్లో 2,400 గ్రామాలకు టీవీ పాఠాలు పంపారు. మన రాష్ట్రంలో ఎంచుకున్న జిల్లాల్లో మహబూబ్‌నగర్ ఒకటి. మూడు మీటర్ల జాలీ గొడుగు, దాని కింద ఒక పెట్టె, పెట్టెకు ఒక టీవీ. వాటిని తయారుచేసింది ఈసీఐఎల్. కరెంటు స్తంభం చూడని మనుషులున్న రోజుల్లో ఆకాశం నుంచి నేరుగా బొమ్మ దిగింది. అదే 1975లో ఈసీఐఎల్ టీడీసీ-316 అనే కంప్యూటరును కూడా బయటికి తెచ్చింది. టీవీ ముందు ఊరంతా కూర్చుంది. కంప్యూటరు ముందు కూర్చున్నవాళ్లు బహు కొద్దిమంది. అందుకే ఆ కథ ఎవరూ చెప్పుకోరు.

టీడీసీ అంటే ట్రాంబే డిజిటల్ కంప్యూటర్. మొదటిది టీడీసీ-12, 1969లో వచ్చింది. తర్వాత 1974లో టీడీసీ-312, మరుసటి ఏడు టీడీసీ-316. పేరు చివరనున్న అంకెలు చూడండి. 12 అంటే ఒక వర్డులో 12 బిట్లు, 16 అంటే 16 బిట్లు. ఈ చిన్న అంకెలోనే యంత్రం జాతకం ఉంది.

12 బిట్లతో ఎన్ని అడ్రసులు రాయొచ్చు? రెండును పన్నెండు సార్లు హెచ్చిస్తే 4,096. ఆ రోజుల్లో మెమరీ అంటే ఫెర్రైట్ పూసలు. ఆవగింజ అంత ఉంగరం, దాని గుండా సన్నని తీగలు. ఒక్కో పూస ఒక్క బిట్టు. 12 బిట్ల వర్డులు 4,096 కావాలంటే 49,152 పూసలు గుచ్చాలి. పన్నెండు పొరలు, ఒక్కో పొరలో నిలువుగా 64 తీగలు, అడ్డంగా 64 తీగలు. అడ్రసులో ఆరు బిట్లు నిలువు తీగను ఎంచుతాయి, ఆరు బిట్లు అడ్డం తీగను ఎంచుతాయి. రెండు తీగల్లోనూ సగం సగం కరెంటు పంపితే, అవి కలిసే చోటున్న పూస ఒక్కటే తిరగబడుతుంది. చదవడం అంటే పూసను తిరగేయడమే, కాబట్టి చదివిన మరుక్షణం అందులో ఉన్నది పోతుంది. పోయినదాన్ని వెంటనే తిరిగి రాయాలి. ఒక్కో రాకపోకకు చదవడం, రాయడం రెండూ తప్పవు. ఈ మొత్తానికి పట్టే కాలాన్నే మెమరీ సైకిల్ అంటారు. ఈ పూసల్లో ఇంకో గుణం ఉంది, మన కరెంటు సంగతి తెలిసినవాళ్లు దీన్ని మెచ్చుకోవాలి: కరెంటు పోయినా అయస్కాంతం పోదు. పొద్దున స్విచ్చి వేస్తే నిన్నటి ప్రోగ్రాం అక్కడే ఉంటుంది.

12 బిట్ల యంత్రాల్లో బాగా పేరుపడ్డది అమెరికాలో డిజిటల్ ఎక్విప్‌మెంట్ కంపెనీ 1965లో తెచ్చిన పీడీపీ-8. ధర 18,000 డాలర్లు, మెమరీ సైకిల్ ఒకటిన్నర మైక్రోసెకను. దాని లోపలి పద్ధతి పుస్తకాల్లో వివరంగా ఉంది కాబట్టి దాన్నే పట్టుకుని చెబుతాను.

ఆ యంత్రానికి ఇచ్చే ఆదేశం కూడా 12 బిట్లే. అందులో మూడు బిట్లు ఏం చేయాలో చెప్పడానికి పోతాయి. మిగిలింది తొమ్మిది. మెమరీలో ఒక చోటు చెప్పడానికి పన్నెండు కావాలి, చేతిలో ఉన్నవి తొమ్మిది. ఇక్కడే అసలు ఇరకాటం. వాళ్లు ఏం చేశారంటే, మెమరీని 128 వర్డుల పేజీలుగా కోశారు, మొత్తం 32 పేజీలు. ఆదేశంలో ఏడు బిట్లు పేజీలో స్థానం చెబుతాయి. ఒక బిట్టు, ఇదే పేజీనా లేక సున్నా పేజీనా అని చెబుతుంది. ఊళ్లో వీధికి 128 ఇళ్లున్నాయనుకోండి, మీరు మీ వీధిలో ఇంటికైనా ఉత్తరం రాయొచ్చు, గ్రామ పంచాయతీ ఉన్న వీధికైనా రాయొచ్చు, పక్క వీధికి మాత్రం నేరుగా రాయలేరు. పక్క వీధికి పోవాలంటే మిగిలిన తొమ్మిదో బిట్టు వాడాలి. అది వెలిగితే అర్థం: నేను చెప్పిన చోట అసలు అడ్రసు రాసి ఉంది, దాన్ని చదివి అక్కడికి పో.

ఈ తొమ్మిదో బిట్టుకు కట్టాల్సిన ఖరీదు చూడండి. నేరుగా కూడితే రెండు సైకిళ్లు: ఆదేశం తేవడానికి ఒకటి, అంకె తెచ్చి కూడడానికి ఒకటి, వెరసి మూడు మైక్రోసెకన్లు. సెకనుకు మూడు లక్షల పైచిలుకు అని మొదట్లో అన్నది ఈ లెక్కే. పక్క పేజీలో ఉన్న అంకెను కూడాలంటే అడ్రసు చదవడానికి ఇంకో సైకిల్, మొత్తం నాలుగున్నర. అదే మెమరీ, అవే తీగలు, అదే గడియారం, పని మాత్రం ఒకటిన్నర రెట్లు ఆలస్యం. స్పీడు తగ్గినట్టు కనిపించే చోట నిజానికి తగ్గింది అడ్రసు. బిట్ల కొరతను మైక్రోసెకన్లతో పూడ్చుకుంటున్నాం. పాత యంత్రాల స్పీడును, అడ్రసు పద్ధతిని రెండు పట్టికలుగా రాసి పోల్చేవాళ్లు ఈ సంగతి ఒక్కటి మరిచిపోతారు.

4,096 చాలనప్పుడు అంతటి ముక్కలు ఎనిమిది పెట్టి, వాటికి ఫీల్డులని పేరిచ్చి, మూడు బిట్ల చిన్న రిజిస్టర్లు తగిలించారు. 32,768 వర్డులయ్యాయి. ప్రోగ్రాం రాసేవాడు ఫీల్డు మారినప్పుడల్లా ఇంకో ఆదేశం రాయాలి. మరిచిపోతే తప్పుడు ఫీల్డులో తప్పుడు అంకె వస్తుంది, యంత్రం మాత్రం నోరెత్తదు.

1969లో ట్రాంబే వాళ్లు 12 బిట్లు ఎంచుకోవడం తెలివితక్కువ పని అని నేను అనను. అది రియాక్టరు దగ్గర, కొలిచే పరికరాల పక్కన కూర్చునే యంత్రం. పరికరాలు ఇచ్చే అంకెలు పది, పన్నెండు బిట్లకు మించవు. పూసలు ఖరీదు, విదేశీ మారకం కటకట. ఉన్నదాంట్లో అది సరైన నిర్ణయం. కానీ గామా వర్ణపటాలు తీసే ఎనలైజరుకు 4,096 చానళ్లు పెట్టాలనుకోండి. చానలుకో వర్డు ఇస్తే మెమరీ అంతా అంకెలతోనే నిండిపోతుంది, ప్రోగ్రాం రాసుకోవడానికి ఒక్క వర్డు మిగలదు.

ఇక బస్ సంగతికి వద్దాం. ప్రాసెసరు, మెమరీ, టేపు, టెలిటైపు, డిస్కు, అన్నీ ఒకే తీగల కట్టకు తగులుకుని ఉండే ఏర్పాటు 1970లో పీడీపీ-11తో పేరుపడింది. దాని పేరు యూనిబస్. 56 తీగలు. వాటిలో 16 డేటాకు, 18 అడ్రసుకు. పొడవు 50 అడుగుల దాకా, అంటే పదిహేను మీటర్లు. రెండు చివర్లా సిగ్నలు వెనక్కి తన్నకుండా నిరోధకాలు.

దాని స్పీడెంత అని అడిగితే ఒక్క అంకెలో జవాబు లేదు. ఎందుకంటే దానికి గడియారం లేదు. ప్రాసెసరు అడ్రసు తీగల మీద అడ్రసు పెడుతుంది. అన్ని తీగల్లో సిగ్నళ్లు ఒకేసారి చేరవు కాబట్టి 150 నానోసెకన్లు ఆగి, సిద్ధమే అన్న సిగ్నలు ఇస్తుంది. అటు మెమరీ డేటా తెచ్చి తీగల మీద పెట్టి, ఇదిగో అంటుంది. ప్రాసెసరు 75 నానోసెకన్లు ఆగి డేటా తీసుకుని తన సిగ్నలు దించుతుంది, మెమరీ తనది దించుతుంది. అంటే తీగ పొడవునా ఇటు రెండుసార్లు, అటు రెండుసార్లు ప్రయాణం. తీగలో సిగ్నలు నానోసెకనుకు సుమారు ఇరవై సెంటీమీటర్లు పోతుంది. పదిహేను మీటర్లకు 75 నానోసెకన్లు, నాలుగు ప్రయాణాలకు 300. ఆగిన సమయం కలిపితే అర మైక్రోసెకను దాటుతుంది. ఆనాటి పూసల మెమరీ చదవడానికీ దాదాపు అంతే పడుతుంది, కాబట్టి బస్ ఆలస్యం అప్పట్లో ఎవరికీ పెద్ద భారం కాలేదు.

గడియారం లేకపోవడం వల్ల వచ్చిన లాభం పెద్దది. నెమ్మది మెమరీ తగిలిస్తే నెమ్మదిగా జవాబిస్తుంది, ఐదేళ్ల తర్వాత చురుకైన మెమరీ తగిలిస్తే చురుగ్గా ఇస్తుంది. తీగలు మార్చనక్కర్లేదు. జవాబే రాకపోతే పది ఇరవై మైక్రోసెకన్లు చూసి, ఆ అడ్రసులో ఎవరూ లేరని ప్రాసెసరు తీర్మానించి, నాలుగో నంబరు చోటు నుంచి వేరే ప్రోగ్రాంలోకి దూకుతుంది. దీన్ని మనవాళ్లు, బయటివాళ్లు అందరూ హాయిగా వాడుకున్నారు. యంత్రంలో మెమరీ ఎంతుందో తెలియాలంటే సున్నా నుంచి ఒక్కో మెట్టు పైకి తలుపు తట్టుకుంటూ పోవడమే. జవాబు ఆగిన చోట మెమరీ అయిపోయినట్టు.

అంత చక్కని బస్‌కు 18 అడ్రసు తీగలు. ప్రాసెసరు రాయగలిగేది 16 బిట్లు, అంటే బైట్లలో లెక్కిస్తే 64 కిలోబైట్లు. పైగా పరికరాలకు కూడా మెమరీలాగే అడ్రసులివ్వడం అనే అందమైన ఆలోచన కోసం పై అంచున 8 కిలోబైట్లు పక్కన పెట్టారు. ఎనిమిదో వంతు అక్కడే పోయింది. మిగిలింది 28 వేల చిల్లర వర్డులు. 18 తీగలు పెట్టినప్పుడు డిజైనర్లకు రెండు బిట్ల ముందుచూపు ఉంది. అది నాలుగు రెట్లు, 256 కిలోబైట్లు. ఐదేళ్లకు మించి నిలవలేదు. మెమరీ ధర సగమైన ప్రతిసారీ జనం రెట్టింపు కొంటారు, రెట్టింపు కొన్న ప్రతిసారీ ఇంకో బిట్టు కావాలి. ఇందులో వాదనకు తావులేదు.

1975లో పీడీపీ-11/70 వచ్చింది. స్పీడు సమస్యను అందులో ఎంత తేలిగ్గా తీర్చారో చూడండి. మెమరీకి 32 బిట్ల వెడల్పున వేరే దారి వేశారు, డిస్కులకు మాస్‌బస్ అని ఇంకో దారి, మధ్యలో 2 కిలోబైట్ల కాష్. పాత ప్రోగ్రాములు ఒక్క అక్షరం మారకుండా వేగంగా నడిచాయి. అడ్రసు దగ్గరికి వచ్చేసరికి కుట్లు, అతుకులు. మెమరీ 22 బిట్లు, 4 మెగాబైట్లు. యూనిబస్ అదే 18 దగ్గర ఉండిపోయింది, కాబట్టి బస్ అడ్రసులను మెమరీ అడ్రసులుగా మార్చడానికి ఒక పటం. ప్రోగ్రాం 16 దగ్గరే ఉండిపోయింది, కాబట్టి దానికి 8 కిలోబైట్ల కిటికీలు ఎనిమిది. నాలుగు మెగాబైట్లు పెట్టుకున్న సంస్థలో కూడా ఒక్కో ప్రోగ్రాం ఏ క్షణాన చూసినా 64 కిలోబైట్ల కోడ్, మహా అయితే ఇంకో 64 డేటా. డిజైనర్లలో ఒకరైన గోర్డన్ బెల్ తర్వాత, కంప్యూటరు డిజైనులో సర్దుకోలేని తప్పు అడ్రసు బిట్లు చాలకపోవడమేనన్న అర్థం వచ్చేలా రాశారు. తమ కంపెనీ తప్పు గురించి తామే రాయడం నాకు నచ్చిన విషయం. ఆ కంపెనీ 1977లో 32 బిట్ల వ్యాక్స్ ప్రకటించింది. పదహారు బిట్ల కుటుంబాన్ని ఎంత సాగదీసినా లాభం లేదని తేలాక చేసిన పని అది.

డేటా జనరల్ వాళ్ల నోవా మరీ విచిత్రం. 1969 యంత్రం, 16 బిట్లలో 15 అడ్రసుకిచ్చి, మిగిలిన ఒక్కటి, ఇది అసలు అడ్రసు కాదు, ఇక్కడ రాసున్న చోటికి మళ్లీ పో అని చెప్పడానికి వాడారు. ఒకదాని నుంచి ఇంకోదానికి, అక్కడి నుంచి మరోదానికి. రెండు చోట్లు ఒకదానినొకటి చూపిస్తే యంత్రం అందులోనే గిరగిర తిరుగుతుంది.

టీడీసీ-316 తరంలో మన దేశంలో రాసిన ప్రోగ్రాములకూ 16 బిట్ల గోడే. ఆ తర్వాత 1978లో మైక్రోప్రాసెసరుతో మైక్రో-78 వచ్చింది. అదే ఏడు ఐబీఎం దేశం విడిచిపోయింది. రావు గారు కూడా ఆ ఏడే ఈసీఐఎల్ నుంచి విశ్రాంతి తీసుకున్నారు. ఐబీఎం వెళ్లిపోవడానికి దారితీసిన విధానాల మంచిచెడ్డల మీద చర్చ ఇప్పటికీ తెగలేదు, నేను అందులోకి పోను.

ఇప్పుడు నల్లగొండ. 1996 లోక్‌సభ ఎన్నికల్లో మన నియోజకవర్గానికి 480 మంది అభ్యర్థులు నిలబడ్డారు. ఫ్లోరైడు నీళ్లు తాగి నడుములు వంగిన జిల్లా తన గోడు ఢిల్లీకి వినిపించడానికి దుశర్ల సత్యనారాయణ గారి జలసాధన సమితి ఎంచుకున్న తోవ అది. శ్రీశైలం ఎడమ కాలువ నీళ్లు కావాలన్నది డిమాండు. బ్యాలెట్ పత్రం పత్రంగా పట్టలేదు, పుస్తకమైంది. పోలింగు వాయిదా పడింది. చివరికి బొమ్మగాని ధర్మభిక్షం గారు గెలిచారు. ఆ ఏడే పార్లమెంటు అభ్యర్థి ధరావతు 500 రూపాయల నుంచి 10,000 కు పెంచారు. అడ్రసులు పెంచడం కష్టమైనప్పుడు వాటిని అడిగేవాళ్లను తగ్గించడం కూడా ఒక పరిష్కారమే. ప్రభుత్వాలకు అది ఇంజనీర్లకన్నా ముందే తెలుసు.

అప్పటికి ఓటు కాగితం మీదే. కానీ ఓటింగు యంత్రాలు తయారై ఉన్నాయి. దేశంలో వాటిని చేసే రెండు సంస్థల్లో ఒకటి బెంగళూరు బీఈఎల్, రెండోది మన ఈసీఐఎల్. ఆ యంత్రం లోపలి పద్ధతి చూడండి. ఒక కంట్రోలు యూనిటు, దానికి తీగతో ఒక బ్యాలెట్ యూనిటు. బ్యాలెట్ యూనిటుకు 16 మీటలు. పదహారు మందికి మించితే రెండో యూనిటును మొదటిదానికి గొలుసుగా తగిలించాలి, ఆపై మూడోది, నాలుగోది. ఏది ఎన్నోదో యంత్రానికి ఎలా తెలుస్తుంది? ప్రతి యూనిటు లోపల ఒక చిన్న స్విచ్చి ఉంటుంది. పోలింగుకు ముందు అధికారులు దాన్ని 1, 2, 3, 4 లో ఒకదాని మీద పెట్టి సీలు వేస్తారు. ఇది అచ్చంగా మన మినీ కంప్యూటరు బస్సే. తీగ ఒకటి, దానికి తగులుకున్న పరికరాలు నాలుగు, ఒక్కోదానికీ చేత్తో పెట్టిన అడ్రసు. నాలుగు పదహార్లు అరవై నాలుగు. 2006 దాకా వచ్చిన మొదటి తరానికీ, ఆ తర్వాతి రెండో తరానికీ అదే హద్దు. నల్లగొండ అభ్యర్థులకు ముప్పై యూనిట్లు కావాలి. సరిగ్గా ముప్పై, 480 ని 16తో భాగిస్తే శేషం లేదు.

ఈ యంత్రం స్పీడు చాలడం లేదని ఎవరూ ఫిర్యాదు చేయలేదు. ఓటరు గుర్తు వెతుక్కుని వేలు పెట్టేలోగా 1965 నాటి పీడీపీ-8 కూడా లక్షల కూడికలు ముగిస్తుంది. ఫిర్యాదు వచ్చిందల్లా అడ్రసు మీదే. 2013 తర్వాతి మూడో తరం యంత్రాల్లో నాలుగును 24 చేశారు. పాత స్విచ్చి స్థానంలో 01 నుంచి 24 దాకా రెండంకెలు తిప్పే చక్రం వచ్చింది. నోటాతో కలిపి 384 పేర్లు. 2019లో నిజామాబాదు పసుపు, ఎర్రజొన్న రైతులు నల్లగొండ దారి పట్టడంతో మొత్తం 185 మంది బరిలో నిలిచినప్పుడు ఈ యంత్రాలే ఆదుకున్నాయి. నోటాతో 186, బూతుకు పన్నెండు యూనిట్లు. 2022 నవంబరు 3న మన మునుగోడు ఉప ఎన్నికలో 47 మంది. నోటా కలిపితే 48, మూడు యూనిట్లు, ఒక్క మీట కూడా ఖాళీ లేదు. ఇంకొక్కరు నిలబడి ఉంటే ప్రతి బూతుకూ నాలుగో పెట్టె మోయాలి.

ఎలక్ట్రానిక్సు చదివే పిల్లలకు ఒక లెక్క ఇచ్చి ముగిస్తాను. 1996 నాటి 480 మంది ఇవాళ నిలబడ్డారనుకోండి. నోటాతో 481. యూనిట్లు ముప్పై చాలవు, ఆ ఒక్క నోటా కోసం ముప్పై ఒకటోది కావాలి. యూనిటుకు ఐదు మీటర్ల తీగ అనుకుంటే గొలుసు 155 మీటర్లు. చిట్టచివరి మీట నొక్కిన సంగతి కంట్రోలు యూనిటుకు చేరడానికి, నానోసెకనుకు ఇరవై సెంటీమీటర్ల చొప్పున, 775 నానోసెకన్లు. మైక్రోసెకను కూడా కాదు. అయినా ఇవాళ్టి యంత్రం ఆ ఎన్నిక జరపలేదు, 24 దగ్గర ఆగిపోతుంది. దాన్ని 31 దాకా తీసుకుపోవాలంటే అడ్రసుకు ఎన్ని బిట్లు కావాలో, స్విచ్చి నుంచి కౌంటింగు దాకా ఎక్కడెక్కడ ఏమేం మార్చాలో ఇంటికి పోయి కాగితం మీద వేసి చూడండి.